పెరట్లో ఊదాపూల కలుపు మొక్క సహదేవేనా? పెంచవచ్చా?

మీ పెరటి మొక్కకు సన్నటి నిలువు కాడ, ఒకదాని తర్వాత ఒకటిగా ఆకులు, కొసన గుండుసూది తలంత ఊదా పూలు అంటున్నారు కాబట్టి చాలావరకు సహదేవే. గరిటికమ్మ అన్నా ఇదే. అడవి జీలకర్రకు దగ్గరి చుట్టం. అజెరేటం అనే మరో కలుపు మొక్కను చూసి చాలామంది ఇదేనని పొరబడతారు. దాని ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, నలిపితే ఘాటు వాసన. పూత అయ్యాక తెల్లటి దూది కుచ్చులు విచ్చుకుని గాలికి ఎగిరితే అనుమానం ఇంకా తగ్గుతుంది.

పెంచడానికి పెద్ద పనేం లేదు, అసలు కష్టం ఆపడమే! ఎండ తగిలే కుండీలో గింజలు పైపైన చల్లి, మట్టి కప్పకుండా తడి చిలకరించండి. ఎరువు అక్కర్లేదు. దూది ఎగరకముందే తలలు తుంచేయండి, లేకపోతే పక్క కుండీలన్నీ దానివే. సీతాకోకచిలుకల కోసమైతే రెండు మొక్కలు వదిలేయండి. పోల్చుకోవడం ఖాయం కాకుండా మందుగా మాత్రం వాడొద్దు.