మిల్లు గుమస్తా గారి అమ్మాయి ఆడిటర్ ఆఫీసు పెట్టాలంటే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 22 ఏళ్లుగా ఒక రైస్ మిల్లులో గుమస్తాగా లెక్కలు రాస్తున్నాను. మా అమ్మాయి ఎంఈసీతో ఇంటర్ పాసైంది, మంచి మార్కులే వచ్చాయి. సీఏ చదివి ఇక్కడే సొంతంగా ఆడిటర్ ఆఫీసు పెడతానంటోంది. మా బజారులో ఒకబ్బాయి బీకాం చేసి, జీఎస్టీ లైసెన్సు తీసుకుని ఆఫీసు నడుపుతున్నాడు. బాగానే సంపాదిస్తున్నాడు. అలాంటప్పుడు అంత కష్టపడి సీఏ చేయాలా? చేసినా మధ్యలో ఆగిపోతే ఏంటి పరిస్థితి? ఆడపిల్ల ఒక్కతే ఆఫీసు నడపగలదా?

జవాబు: ముందు ఆ బీకాం అబ్బాయి సంగతి చూద్దాం. మీ మనసు సగం అటే ఉన్నట్టుంది.

అతను చేస్తున్నది చిన్న పనేమీ కాదు. కామర్స్ డిగ్రీ ఉన్నవాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకోవచ్చు. దానికో పరీక్ష ఉంటుంది, అది పాసవ్వాలి. షాపుల లెక్కలు టాలీలో ఎక్కించడం, 11వ తేదీకి ఒక రిటర్ను, 20వ తేదీకి ఇంకో రిటర్ను వేయడం, జూలై వచ్చేసరికి ఉద్యోగుల ఐటీ రిటర్నులు దాఖలు చేయడం... వంద షాపులు చేతిలో ఉంటే ఇల్లు హాయిగా గడుస్తుంది. మీ అమ్మాయికి కావలసింది ఇంతే అయితే మూడేళ్ల బీకాం చాలు, సీఏ జోలికి వెళ్లక్కర్లేదు.

కానీ మీ మిల్లు సంగతే తీసుకోండి. ఏడాది పొడుగునా లెక్కలు రాసేది మీరు. మార్చి దాటాక ఆ పుస్తకాలు ఎవరి దగ్గరికి వెళ్తాయి? వ్యాపారం టర్నోవర్ కోటి రూపాయలు దాటితే టాక్స్ ఆడిట్ చేయించాలి. నగదు లావాదేవీలు 5 శాతం లోపే ఉంటే ఆ హద్దు 10 కోట్లు. మిల్లుకు ఈ హద్దులు దాటడం ఎంతసేపు? ఆ రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం సీఏకే ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే టర్నోవర్ సున్నా అయినా ఆడిట్ తప్పదు, దానికీ సీఏ సంతకమే కావాలి. మీ బజారు అబ్బాయి క్లయింట్లలో ఎవరైనా పెద్దవాడైతే, ఆ ఫైలు పట్టుకుని ఆ అబ్బాయి కూడా ఒక ఆడిటర్ గారి గుమ్మం ఎక్కాల్సిందే. సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్) కూడా మంచి చదువే, ఫ్యాక్టరీల ఉత్పత్తి ఖర్చులు సరిచూసే కాస్ట్ ఆడిట్ వాళ్లదే. కానీ ఇన్‌కంటాక్స్ కోసం చేసే టాక్స్ ఆడిట్ మీద వాళ్లు సంతకం పెట్టలేరు. మిర్యాలగూడలో ‘ఆడిటర్ ఆఫీసు’ అని బోర్డు పెట్టాలంటే సీఏనే చేయాలి.

ఇంకో కారణం కూడా ఉంది. రిటర్నుల మీదే ఆధారపడ్డ ఆఫీసుకు చట్టం మారినప్పుడల్లా గుండెదడ. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు రెండు కోట్ల టర్నోవర్ దాటినవాళ్ల లెక్కలకు సీఏ గానీ సీఎంఏ గానీ ఆడిట్ చేసి ఇవ్వాలన్నారు. ఆ పనిని నమ్ముకుని మనుషుల్ని పెట్టుకున్న ఆఫీసులు నాకు తెలుసు. 2021లో ఆ నిబంధన తీసేశారు. ఎవరి లెక్క వాళ్లే సరిచూసుకుని ఇవ్వొచ్చన్నారు. నాలుగు రకాల పని తెలిసినవాళ్లు తట్టుకున్నారు, అదొక్కటే చేసినవాళ్లు మనుషుల్ని తగ్గించుకున్నారు.

ఇక ఎన్నేళ్లు పడుతుందన్నది. సీఏలో మూడు మెట్లు: ఫౌండేషన్, ఇంటర్మీడియెట్, ఫైనల్. (ఈ ఇంటర్ వేరు, మీ అమ్మాయి పాసైన ఇంటర్ వేరు. బంధువులు ‘ఇంటర్ ఇంకా అవలేదా’ అని అడిగినప్పుడు చెప్పలేక చావాలి.) మే 1 లోపు రిజిస్టర్ చేస్తే సెప్టెంబరులో ఫౌండేషన్ రాయొచ్చు. పాసైతే సీఏ ఇంటర్‌కు ఎనిమిది నెలలు చదవాలి, రెండు గ్రూపులు, ఆరు పేపర్లు. రెండు గ్రూపులూ అయ్యాకే ఆర్టికల్‌షిప్ (ఆర్టికల్స్ అని కూడా అంటారు), అంటే ఒక సీఏ ఆఫీసులో చేరి పని నేర్చుకోవడం. అది 2023 కొత్త స్కీములో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. అది పూర్తయ్యాక ఆరు నెలలకు ఫైనల్. ఒక్క అటెంప్టూ తప్పకపోతే నాలుగున్నరేళ్లు. కానీ ఒక్కటీ తప్పనివాళ్లు తక్కువ. ఫౌండేషన్‌లోనే నూటికి పదిహేను, ఇరవై మంది దగ్గర ఆగిన విడతలు చాలా ఉన్నాయి. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. ఆబ్జెక్టివ్ పేపర్లలో తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మీరు మనసులో ఆరేడేళ్లు అనుకోండి. అంతకన్నా ముందే వస్తే పండగ చేసుకుందురు. పరీక్షలు ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు కాబట్టి ఒకటి పోయినా మా రోజుల్లోలా ఆరు నెలలు కూర్చోనక్కర్లేదు.

మధ్యలో ఆగిపోతే అన్న భయానికి మందు ఒక్కటే. పక్కనే దూరవిద్యలో బీకాం కట్టించండి, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గానీ ఇగ్నోలో గానీ. ఆర్టికల్స్ మొదలయ్యేసరికి డిగ్రీ పూర్తికాకపోతే సీఏ కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్ అనుమతి తీసుకోవాలి, అది మర్చిపోవద్దు. సీఏ ఇంటర్ దగ్గర ఆగినా చేతిలో డిగ్రీ ఉంటుంది, మీ బజారు అబ్బాయి చేస్తున్న పని ఆమెకూ వస్తుంది. ఫీజుల సంగతి కూడా చెప్తాను. ఇప్పటికి సీఏ ఇంటర్ రెండు గ్రూపులకు ఇన్‌స్టిట్యూట్ తీసుకునేది 18,000, ఫైనల్‌కు 22,000. అసలు ఖర్చు కోచింగు, హాస్టలు. గుంటూరో హైదరాబాదో పంపే ముందు, ఫౌండేషన్ వరకు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదవగలదేమో ఆమెనే అడగండి.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది తల్లిదండ్రులు కోచింగ్ సెంటరు ఎంపిక మీద నెలలు గడిపి, ఆర్టికల్‌షిప్ ఎక్కడ చేయాలన్నది మాత్రం ఎవరో తెలిసినవాళ్లు ఇప్పించిన చోటికి వదిలేస్తారు. ఉద్యోగం చేయాలనుకునేవాళ్లకు అది పెద్ద లోటు కాకపోవచ్చు. సొంత ఆఫీసు పెట్టాలనుకునే పిల్లకు ఆ రెండేళ్లే ప్రాణం.

నా సంగతే చెప్తాను. నేను ఆర్టికల్స్ చేసిన ఆఫీసులో మొదటి ఏడు నెలలు టీడీఎస్ చలాన్లు కట్టాను, బ్యాంకు లైన్లో నిలబడ్డాను, ప్రిన్సిపాల్ గారి (మాకు పని నేర్పాల్సిన సీఏను అలా అంటాం) ఇంటి కరెంటు బిల్లు కూడా కట్టొచ్చాను. మిగతా కాలమంతా ఓచర్ల మీద టిక్కులు కొట్టడమే. పరీక్షలు పాసయ్యాను, బోర్డు పెట్టాను. మొదటి ఏడాదే ఒక ఎరువుల షాపాయన ఇన్‌కంటాక్స్ నోటీసు పట్టుకొచ్చాడు. జవాబు రాద్దామని కూర్చున్నాను. ‘రెస్పెక్టెడ్ సర్’ అని రాశాక పెన్ను కదల్లేదు. నోటీసుకు జవాబు ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ చూసి ఉండలేదు. చివరికి ఒక సీనియర్ దగ్గరికి వెళ్లి రాయించుకున్నాను. ఆయన తీసుకున్న ఫీజు, షాపాయన నాకిచ్చిన దానికన్నా ఎక్కువ.

మంచి ఆఫీసు ఎలా ఉంటుందో కూడా చెప్పాలిగా. మార్చి 31న ఆర్టికల్ పిల్లల్ని మిల్లు గోదాముకు పంపుతారు, బస్తాలు లెక్కపెట్టి రమ్మని. కొత్తగా చేరినవాళ్లు ముందు వరుస ఎత్తూ అడ్డం చూసి, గుణించి రాసుకొస్తారు. సీనియర్ ఆ కాగితం చూసి, ‘బస్తాల నెట్టు పైకెక్కావా? వెనక వరుసలు నిండుగా ఉన్నాయా, బోలుగా ఉన్నాయా?’ అని మళ్లీ పంపిస్తాడు. తర్వాత కరెంటు బిల్లులు తెప్పిస్తాడు. ఇన్ని వడ్లు మర పడితే ఇన్ని యూనిట్లు కాలాలి, మరి నవంబరులో ఎందుకు కాల్లేదు అంటాడు. సివిల్ సప్లైస్ వడ్లకు క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగివ్వాలన్న లెక్క మీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. నూకలు, తవుడు, ఊక ఎంత రావాలో కూడా తెలుసు. హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన సీఏకి ఇది పట్టుబడడానికి రెండు సీజన్లు పడుతుంది. మీ అమ్మాయి అన్నం తింటూ విని ఉంటుంది.

అందుకని పేరున్న పెద్ద కంపెనీ లాంటి ఆఫీసు వస్తే గొప్పే కానీ, ఆమె దారికి నేను దాన్ని చెప్పను. అక్కడ రెండేళ్లూ ఒక పెద్ద కంపెనీలో ఒక మూల కూర్చోబెట్టే అవకాశం ఎక్కువ. అయిదారుగురి నుంచి పదిహేను మంది దాకా ఆర్టికల్స్ ఉండి, ఆడిట్, జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ అప్పీళ్లు అన్నీ చేసే మధ్యరకం ఆఫీసు చూడండి. నల్గొండలో ఉన్నా సరే, హైదరాబాద్‌లో ఉన్నా సరే. చేరే ముందు ప్రిన్సిపాల్‌ను కాదు, అక్కడ పనిచేసే పిల్లల్ని అడగమనండి: నోటీసులకు మొదటి డ్రాఫ్టు ఎవరు రాస్తారు? ‘మేమే రాస్తాం, సార్ కొట్టేసి దిద్దుతారు’ అంటే అదే సరైన చోటు. ‘హాజరు పడుతుంది, రానక్కర్లేదు, ఇంట్లో చదువుకో’ అనే ఆఫీసు దొరికిందని మాత్రం సంతోషపడకండి. ఇన్‌స్టిట్యూట్‌కు తెలిస్తే ఆ ఆర్టికల్‌షిప్ చెల్లదు. తెలియకపోయినా, నాలాగే ‘రెస్పెక్టెడ్ సర్’ దగ్గర ఆగుతుంది.

ఫైనల్ పాసైన మర్నాడే బోర్డు పెట్టే వీలు లేదు. రెండేళ్ల ఆర్టికల్‌షిప్ స్కీములో వచ్చినవాళ్లు ప్రాక్టీసు సర్టిఫికెట్ కోసం ముందు ఒక ఏడాది సీఏ ఆఫీసులో పనిచేసి ఉండాలి. నన్నడిగితే రెండేళ్లు చేయమంటాను. జీతానికి కాదు, ఫీజు ఎలా అడగాలో చూడ్డానికి. మన దగ్గర పని రానివాడి ఆఫీసు కన్నా, ఫీజు అడగడం రానివాడి ఆఫీసే ముందు మూతపడుతుంది.

మీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. సీఏలు ఇష్టమొచ్చినట్టు ప్రకటనలు ఇవ్వకూడదు, ఇంటింటికీ తిరిగి పని అడగకూడదు. ఫ్లెక్సీ కట్టకూడదు. నోటిమాట మీదే క్లయింట్లు రావాలి. ఊళ్లో మిల్లర్లందరూ మీకు తెలుసు, ఆ పరిచయం పెద్ద ఆస్తి. అదే చిక్కు కూడా. ‘మన గుమస్తా గారి అమ్మాయే కదా’ అని పని చేయించుకుంటారు, ఫీజు దగ్గరికొచ్చేసరికి సంక్రాంతికి చూద్దాం అంటారు. మొదటి రోజునే ఎంగేజ్‌మెంట్ లెటర్ (పని ఒప్పుకున్న కాగితం) మీద ఫీజు రాసి సంతకం తీసుకోవడం ఆమె అలవాటు చేసుకోవాలి. ఆ గదిలో మీరు ఉండకూడదు. ఇంకో మాట, మీరు పనిచేసే మిల్లు ఆడిట్ మాత్రం ఆమె చేయకూడదు. తండ్రి రాసిన లెక్కల మీద కూతురు సంతకం పెడితే, తప్పు లేకపోయినా అడిగేవాడికి నోరు దొరుకుతుంది.

ఆ సంతకానికి పరీక్ష అమెరికా వెళ్లే పిల్లల దగ్గర వస్తుంది. వీసా ఫైల్లో పెట్టడానికి తల్లిదండ్రులకు నెట్‌వర్త్ సర్టిఫికెట్ (అప్పులు పోను ఆస్తి ఎంతో చెప్పే కాగితం) కావాలి. స్థలం విలువ కాస్త పెంచి రాయమ్మా, అందరూ రాస్తున్నారు అంటారు. అడిగేది పరాయివాళ్లు కాదు, మీ బావమరిదే కావచ్చు. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి సర్టిఫికెట్‌కూ ఇన్‌స్టిట్యూట్ పోర్టల్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 18 ఉండే యూడీఐఎన్ (ఆ ఒక్క కాగితానికే ఇచ్చే గుర్తింపు నంబరు) తీసి వేయాలి. బ్యాంకువాడు అక్కడే కూర్చుని అది నిజమైనదో కాదో చూసుకోగలడు. ఒక్క తప్పుడు కాగితానికి ఆరేడేళ్ల చదువు పణంగా పెట్టినట్టే. ఆ రోజు ‘రాయను’ అన్న కూతురి మీద మీరు కోప్పడనని ఇప్పుడే మాటివ్వండి.

ఆడపిల్ల నడపగలదా అన్నారు. దేశంలో మొదటి మహిళా సీఏ, మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం గారు 1933లో అకౌంటెన్సీ పరీక్ష పాసై, తర్వాత సొంత ప్రాక్టీసే పెట్టుకున్నారు. దీని మీద ఇంతకన్నా నేను రాయను.

రేపు చేయాల్సిన పని ఒకటుంది. రిజిస్ట్రేషన్ ముందు అమ్మాయి పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ముందుండి, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం వెనక ఉంటుంది మన పిల్లలకు. ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించి, ఆ తర్వాతే ఫారం నింపండి. మీ సేవలో రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.