తెలియక తాగాను, బిడ్డకేమైనా అవుతుందా?

ప్రశ్న: నెల తప్పిందని తెలియకముందు రెండు పార్టీల్లో బీరు తాగాను. ఇప్పుడు ఏడో వారం. గర్భం తీయించుకోవాలా? స్కానింగ్‌లో లోపం తెలుస్తుందా? ఇకమీదట కాస్త వైన్ తాగితే ఫరవాలేదని స్నేహితురాలు అంటోంది.

జవాబు: రెండుసార్లు తాగినందుకే గర్భం తీయించుకోవాల్సిన పనిలేదు. వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటిరోజు నుంచి కాబట్టి, గర్భం నిలిచి సుమారు ఐదు వారాలే అయింది. గుండె, ముఖం రూపు దిద్దుకునే సమయమిది. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ ఎదుగుతూనే ఉంటుంది. అందుకే ఇవాళ మానేసినా మేలే.

తల్లి తాగిన ఆల్కహాల్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. కాసేపటికే ఇద్దరి రక్తంలోనూ దాదాపు ఒకే స్థాయికి వస్తుంది. దాన్ని అరాయించుకునే ఎంజైములు బిడ్డ కాలేయంలో చాలినంత ఉండవు. పైగా అది ఉమ్మనీటిలోకీ చేరుతుంది, బిడ్డ ఆ నీటినే మింగుతుంది. తల్లికి మత్తు దిగిపోయాక కూడా బిడ్డకు ఆ బెడద తప్పదు.

ఇక వైన్ సంగతి. 12 శాతం వైన్ 150 మి.లీ.లో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు 330 మి.లీ.లో 13 గ్రాములు, 40 శాతం విస్కీ 30 మి.లీ.లో తొమ్మిదిన్నర. ఏది ‘తేలిక’దో మీరే చూడండి! గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు లేదు. ఒకే పూట ఎక్కువగా తాగడం మరీ ప్రమాదం.

18-22 వారాల స్కానింగ్‌లో గుండె, పెదవి, కాళ్లూచేతుల లోపాలు చాలావరకు కనిపిస్తాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బందులు కనిపించవు. పైపెదవి పలచబడటం, ముక్కు కింది గాడి చదునుగా ఉండటం, కళ్లు చిన్నవిగా ఉండటం 1973లో ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టిన తీవ్ర రూపానికి గుర్తులు. మద్యం ప్రభావం పడిన పిల్లల్లో చాలామందికి ముఖం మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఎప్పుడు, ఎంత తాగారో డాక్టరుకు చెప్పి కేస్ షీటులో రాయించండి. రేపు పిల్లల డాక్టరుకూ పనికొస్తుంది.

ప్రశ్న: రోజూ తాగే అలవాటున్న మా చెల్లెలికి ఐదో నెల. ఒక్కసారిగా మాన్పించవచ్చా?

జవాబు: ఇంట్లో మాత్రం వద్దు. రోజూ బాగా తాగేవారు హఠాత్తుగా ఆపితే 6-24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. అది తల్లికీ బిడ్డకీ ముప్పే. ప్రసూతి వైద్యులు, సైకియాట్రిస్టు ఇద్దరూ ఉన్న ఆసుపత్రిలో చేర్పించి మాన్పించాలి. అక్కడ విటమిన్ బి1 కూడా ఇస్తారు. తాగితే వాంతులయ్యేలా చేసే డైసల్ఫిరామ్ మాత్రలు గర్భిణికి ఇవ్వకూడదు. ఎవరైనా ఇచ్చినా వేయించకండి.