సంఘ చరిత్ర రాస్తున్నావని విని

తల్లీ,

మన ఎం.బి. (మెనోనైట్ బ్రదరన్) సంఘం చరిత్ర రాస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

తేదీలు సరిచూసుకో. 1889లో ఫ్రీజెన్ మిషనరీ దంపతులు రష్యా నుంచి మన దేశం వచ్చి, నల్గొండలో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి. 1899లో హీబర్ట్ దంపతులు అమెరికా నుంచి హైదరాబాదు వచ్చింది మన మెనోనైట్ బ్రదరన్ తరఫున. రెండూ కలిపేయకు. ఇవి పుస్తకాల్లో దొరుకుతాయి.

నా భయమంతా బాప్తిస్మపు రిజిస్టరు గురించే. సంఘం స్వర్ణోత్సవానికి సావనీరు వేయాలని పాత రిజిస్టరు నా చేతికిచ్చారు. చెదలు తిన్న పుస్తకం. ప్రతి వరుసలో రెండు పేర్లు, ముందున్నది, బాప్తిస్మంలో పెట్టింది. మైసమ్మ, మార్త. ఎల్లయ్య, పౌలు. కొన్నిటి మీద ఎర్రగీత, పక్కన "సహవాసం నుంచి తొలగించడమైనది" అని. కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తూ పాత పేర్లు వదిలేశాను. ఎర్రగీత పడ్డవాళ్లనూ వదిలేశాను, సంఘం పరువు పోతుందని. తర్వాత పాతదాన్ని కాల్చేశాను.

మరుసటి ఏడు ఒక ముసలమ్మ వచ్చింది. "మా అమ్మ పేరు చూడు బిడ్డా" అంది. ఆమెకు తెలిసింది పాత పేరే. నా పుస్తకంలో మార్తలు పదకొండు మంది. ఏ మార్తని చూపించను? పొద్దుగూకేదాకా చర్చి మెట్ల మీదే కూర్చుని వెళ్లిపోయింది. వాళ్లమ్మ బైబిల్ స్త్రీ అట, ఊరూరా నడిచి వాక్యం చెప్పేదట. నా సావనీరులో దొరల ఫొటోలు నాలుగు పేజీలు, ఆమెకు ఒక్క వాక్యం లేదు.

నమ్మి, నోటితో ఒప్పుకున్నవాళ్లకే మన దగ్గర బాప్తిస్మం, పసిపిల్లలకు కాదు. ఆ మాట మీద నిలబడినందుకే 1527లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ అనే విశ్వాసిని నదిలో ముంచి చంపారు. అలాంటి ఒప్పుకోలు ఒక్కో వరుస. వాటిని నేను బూడిద చేశాను తల్లీ.

కాబట్టి ఏ కాగితమైనా ముందు ఫొటో తీయి, తర్వాతే చదువు. గీతలు, మరకలు, తప్పులు అన్నీ ఉన్నవున్నట్టే రాసుకో. నీకు తొందరెక్కువ, చిన్నప్పుడు వాక్యం సగమే బట్టీపట్టి బహుమతికి చేయి చాచేదానివి. ఇక్కడ అలా చేశావంటే ఊరుకోను.

ఈ ఆదివారమే ఆరాధన అయ్యాక ముందు వరుసలో కూర్చునే పెద్దమ్మ దగ్గరికి వెళ్లు. తొంభై దాటాయి, చలికాలం వస్తోంది. కుడిచెవే వినబడుతుంది, ఆ పక్కనే కూర్చో. వాళ్లమ్మ పాత పేరేమిటో అడుగు. చెప్పగానే నాకు ఫోన్ చేయి.

మీ తాత