ప్రయాణాల్లో మంచి ఎస్ప్రెస్సో ఇచ్చే చిన్న కాఫీ షాపును ఎలా కనిపెట్టాలి? వరంగల్ వైపు ఏమైనా ఆశ ఉందా?

ముందు నీళ్లు చూడండి. గింజలు, మెషీను, గోడ మీద బొమ్మలు అన్నీ తర్వాత.

ఈ ప్రశ్న ఎవరడిగినా జవాబులు గింజల చుట్టే తిరుగుతుంటాయి. అరకువా, చిక్కమగళూరువా, అరబికానా, రోబస్టానా, ఎప్పుడు వేయించారు అని. అవి అక్కర్లేదని నేననను. కానీ వేడినీళ్లను ఒత్తిడితో కాఫీ పొడిలోంచి తోసి తీసే ఆ చిన్న కప్పులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే కదా, వాటి సంగతి అడిగేవాడు కనబడడు. నేను అడుగుతా, ఎందుకంటే నాకు తిండి పెట్టేది నీళ్లే. ఉండేది హన్మకొండ. ఇక్కణ్నుంచి మంచిర్యాల దాకా ఆసుపత్రుల్లో, హోటళ్లలో నీళ్లలోని లవణాలు తీసేసే ఆర్‌ఓ ప్లాంట్లు, సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్లు బిగించడం, రిపేర్లు చేయడం నా పని. రోజులో సగం రోడ్డు మీదే. చాయ్ తాగితే కడుపులో మంట, ఎస్ప్రెస్సో తాగితే ఏమీ కాదు. ఈ మాటంటే డాక్టర్లు నవ్వుతారు, నవ్వనీయండి. అందరూ చాయ్ తాగే ఊళ్లలో కాఫీ అడిగేవాడి బాధ ఎవరికీ అర్థం కాదు. సాచెట్ చింపి పాలల్లో కలిపి చేతిలో పెడతారు.

దానికి తోడు, మావైపు ఎస్ప్రెస్సో అంటే పెళ్లిళ్లలో ఇచ్చేదే చాలామందికి తెలుసు. బుస్సుమని ఆవిరి కొట్టి పాలు పొంగించి, ఇన్‌స్టంట్ పొడి కలిపి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తారే, అది. మంచిదే, పెళ్లిలో నేనూ తాగుతా. కానీ దానివల్ల అసలు ఎస్ప్రెస్సో ఆర్డరిస్తే షాపువాళ్లు భయపడతారు. "సార్, అది చిన్నగ ఉంటది, చేదుంటది, పాలు రావు, తర్వాత అడగొద్దు" అని ముందే చెప్పేస్తారు. ఇలా హెచ్చరించే షాపును నేను మంచి షాపు కిందే లెక్కేస్తా. అసలుది చేస్తున్నారు కాబట్టే, తిట్లు తిన్నారు కాబట్టే హెచ్చరిస్తున్నారు. ఏమీ అనకుండా పెద్ద కప్పు నింపి తెచ్చేవాడితోనే జాగ్రత్త.

సరే, నీళ్ల సంగతికొస్తా. మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం ములుగు రోడ్డు వైపు ఒక డయాలసిస్ సెంటర్‌లో పని ముగించుకుని, తడిసి ముద్దయి, నక్కలగుట్ట దగ్గర ఒక గల్లీలో కొత్తగా పెట్టిన చిన్న కాఫీ షాపులోకి దూరాను. నాలుగు బల్లలు, ఒక కుర్రాడు. హైదరాబాద్‌లో పని నేర్చుకుని సొంతూరికొచ్చి పెట్టుకున్నాడట. ఆ టైముకి మెషీను ముందు నిలబడి ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు. ఆవిరి రావాల్సిన గొట్టంలోంచి వేడినీళ్లు ఉమ్ముతోంది. కింద ట్రే నిండి కౌంటర్ మీద పారుతోంది. అవతలి మెకానిక్కేమో సోమవారం దాకా కుదరదంటున్నాడు.

"అన్నా, ఇయ్యాల మెషీన్ ఖరాబైంది. కోల్డ్ కాఫీ ఇయ్యాల్నా?" అన్నాడు.

"కాఫీ సంగతి పక్కన పెట్టు తమ్మీ, నీళ్లేం వాడుతున్నవ్?"

"ఆర్‌ఓ వాటరే అన్నా. మస్తు ప్యూర్. టీడీఎస్ పద్దెనిమిదే!" గర్వంగా చెప్పాడు.

రోగం అదే. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో. ఆ మెషీన్లలో ఆవిరి బాయిలర్‌లో నీటిమట్టం కనిపెట్టడానికి ఒక లోహపు కడ్డీ ఉంటుంది. నీళ్లు దాన్ని తాకితే సన్నగా కరెంటు పారుతుంది, 'నిండింది, ఇక చాలు' అని మోటారు ఆగుతుంది. నీళ్లలో లవణాలుంటేనే ఆ కరెంటు పారేది. అన్నీ తీసేసిన నీళ్లు పోస్తే కడ్డీకి నీళ్లున్నట్టే తెలియదు. మోటారు తోడుతూనే ఉంటుంది, బాయిలర్ పొంగుతూనే ఉంటుంది. మెషీన్ ఆపించి, చల్లారాక బాయిలర్ ఖాళీ చేయించా. గోడకున్న ప్యూరిఫయర్ మూత తీస్తే లోపల టీడీఎస్ సర్దే చిన్న స్క్రూ ఉంది. వాళ్లకొచ్చేది మున్సిపల్ నీళ్లు, బోరువి కావు. ఆ నల్లా నీళ్లు, ఫిల్టర్ల గుండా వచ్చినవే, కొంచెం కలిసేలా స్క్రూ తిప్పుతూ నా జేబులోని మీటరుతో చూస్తూ 130 దగ్గర ఆపా. ట్యాంకులో పాత నీళ్లు పారబోసి మళ్లీ నింపాం. ఈసారి బాయిలర్ నిండగానే మోటారు దానంతటదే ఆగింది.

ఆ తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. కుర్రాడు 18 గ్రాముల పొడి తూచి, నొక్కి, 36 గ్రాములు దిగేదాకా తీశాడు. 28 సెకన్లు పట్టింది. నోట్లో పోసుకున్న వాడి మొహం చూడాల్సింది. పొద్దుట దాకా అదే గింజ, అదే గ్రైండింగ్, పచ్చి చింతకాయ కొరికినట్టు పులుపని కస్టమర్లు మొహం తిప్పుకున్నారట. గింజలమ్మినవాడికి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నాడట పాపం. ఇప్పుడు తియ్యగా, బరువుగా, తాగాక కూడా నాలుక మీద నిలిచేలా ఉంది. డబ్బులు తీసుకోనన్నాడు. నేనూ మొహమాటపడలేదు, ఇంకోటి తీయించుకుని తాగా.

ఇందులో మాయేం లేదు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కొద్దిగా ఉంటే పొడిలోని రుచి బాగా దిగుతుంది. బైకార్బొనేట్ కొద్దిగా ఉంటే పులుపును అదుపులో పెడుతుంది. రెండూ లేకపోతే కాఫీ పుల్లగా, పలచగా వస్తుంది. మరీ ఎక్కువైతే చప్పగా, మట్టి కొట్టుకున్నట్టుంటుంది, పైగా బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది. కాఫీవాళ్లు టీడీఎస్ 150 అటూ ఇటూ మేలంటారు. తాగునీటికి మన ప్రభుత్వ ప్రమాణం 500 లోపు ఉంటే మంచిదని, వేరే గతి లేకపోతే 2000 దాకా ఫర్వాలేదని అంటుంది. మా బోర్ల సంగతి తెలుసు కదా, రాతి నేల, ఎండాకాలమొస్తే మీటరు ఎక్కడికో పోతుంది. కాబట్టి మావైపు షాపులు రెండే రకాలు: బోరు నీళ్లతో మెషీను చంపుకునేవి, ఆర్‌ఓ నీళ్లతో కాఫీని చంపుకునేవి. మధ్యలో ఉన్నవాడు దొరికితే వదలొద్దు.

ప్రయాణాల్లో నేను చేసేదిదే. కౌంటర్ కింద చూస్తా. నీలం రంగు ఇరవై లీటర్ల క్యాన్ నుంచి మెషీన్‌లోకి పైపుంటే సగం ఆశ వదులుకుంటా, చాలామటుకు అవీ ఆర్‌ఓ నీళ్లే. గోడకు గొట్టాల్లాంటి ఫిల్టర్ల వరస కనబడితే కూర్చుంటా. బెంగళూరులో కావేరి నీళ్లొచ్చే ఏరియా షాపులకూ ట్యాంకర్ నీళ్ల మీద బతికే ఏరియా షాపులకూ తేడా నా నాలుకకు తెలుస్తుంది, నమ్మితే నమ్మండి. చిక్కమగళూరు వెళ్లినా ఇదే సూత్రం. తోట పక్కనే ఉంది కదా, కాఫీ అద్భుతంగా ఉంటుందనుకోవద్దు. మన దేశపు కాఫీని అందరికన్నా ఎక్కువగా కొనేది ఇటలీ వాళ్లు, మంచి గింజ అటే ఓడెక్కుతుంది.

నీళ్ల తర్వాత గ్రైండర్. అడిగాక గింజలు మరపడుతున్న చప్పుడు వినబడాలి. పొడి ముందే డబ్బాలో ఉంటే లేచి వచ్చేయండి. మెషీను ఎంత ఖరీదైనదో చూసి మోసపోవద్దు. అదిచ్చే 9 బార్ల ఒత్తిడి మా పెద్ద ఆర్‌ఓ ప్లాంటు పంపు కూడా ఇస్తుంది, ఆ పంపును పెట్టుకుని నేను కాఫీ షాపు తెరవలేదు కదా. ఇక ఇంటర్నెట్‌లో చుక్కలు చూసి వెళ్లేవాళ్లకు చెప్పేదేం లేదు. ఆ చుక్కలు ఊయల కుర్చీకి, నియాన్ లైటుకి, పుట్టినరోజు కేకుకి ఇచ్చినవి. ఒక షాపులో ఎస్ప్రెస్సో మీద చాక్లెట్ సాస్‌తో గుండె గీసిచ్చారు. ఆ షాపుకి 4.8.

వరంగల్ వైపు ఆశ ఉందా అంటే ఉంది, హన్మకొండలో ఉంది, కరీంనగర్‌లోనూ ఉంది. రామప్ప, లక్నవరం చూడ్డానికొచ్చేవాళ్లు హన్మకొండలోనే తాగేసి బయల్దేరండి, అటువైపు వెళ్లాక దొరకదు. మంచిర్యాల దాటితే నేనే కడుపుమంట ఓర్చుకుని చాయ్ తాగుతా. షాపు పేరు మాత్రం అడగొద్దు. రాస్తే రేపు అక్కడ నాకు కుర్చీ దొరకదు.

టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది, పెన్నంత ఉంటుంది, జేబులో పెట్టుకోండి. కానీ దాన్ని కాఫీ కప్పులో ముంచి చూడకండి, ఏదో ఒక అంకె చూపిస్తుంది కానీ దానికి అర్థం ఉండదు. వాళ్లు తాగడానికిచ్చిన గ్లాసు నీళ్లలో ముంచండి. ముంచేముందు ఆ నీళ్లే మెషీన్‌లోకీ పోతాయా అని అడగండి, చాలాచోట్ల పోవు.