బాపు దిగులు గురించి సుజాతకు

చిరంజీవి సుజాతకు మేనత్త ఆశీస్సులు.

వదిన పోయాక మీ బాపు మాట తగ్గించాడనీ, పూణే నుంచి నువ్వు రోజూ ఫోను చేస్తున్నా "బాగానే ఉన్న" అని పెట్టేస్తున్నాడనీ రాశావు. నర్సుగా బతుకంతా పెద్దవాళ్లను చూసినదాన్ని కనుక ఉన్నదున్నట్టు చెబుతాను. ఎంత దుఃఖంలో ఉన్నా మనవడి గొంతు వింటే మనిషి కాసేపు తేరుకుంటాడు. అలా తేరుకోకుండా, రెండు వారాలు దాటినా తిండి సయించక, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే వైద్యుడికి చూపించాల్సిందే. మన మగవాళ్లు మనసు బాగాలేదని నోరు తెరిచి చెప్పరు. నడుము నొప్పి, కడుపులో మంట, మతిమరుపు అంటారు. ముసలితనంలో ఇంతే అని ఎవరైనా అంటే నమ్మకు.

ముందు మామూలు వైద్యుడి దగ్గర థైరాయిడ్, బీ12, షుగరు పరీక్షలు చేయించు. చెవులు కూడా చూపించు. వినపడక నలుగురిలో కూర్చోవడానికి జంకి గడప దాటడం మానేసినవాళ్లు ఎందరో! తర్వాత వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లు. రానంటే, నిద్ర గురించి అడుగుదాం రమ్మను, అదీ నిజమే కదా. మందులు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరును అడగకుండా మధ్యలో ఆపనివ్వకు. మందుల షాపులో సొంతంగా నిద్రమాత్రలు మాత్రం కొననివ్వకు. ఆ మత్తులో రాత్రి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లకు నేనే సేవ చేశాను.

హనుమకొండ రావడం ఆలస్యమైతే ఈలోగా 14416కు నువ్వే ఫోను చెయ్యి. అది టెలీ మానస్, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. 14567 వృద్ధుల కోసమే ఉన్న ఎల్డర్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. పింఛను చిక్కులైనా, ఒంటరితనమైనా వాళ్లకు చెప్పుకోవచ్చు.

ఇక తోడు సంగతి. తిన్నావా, మందు వేసుకున్నావా అని అడుగుతూ ఉంటే అన్నకు తనొక రోగినన్న భావమే మిగులుతుంది. తనతో ఎవరికైనా పని పడాలి. ఇన్నేళ్లు బడిలో లెక్కలు చెప్పాడు, నీ కొడుకుకు రోజూ ఒక అరగంట వీడియో కాల్‌లో చెప్పమను. అదీ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు. ఇల్లు బోసిగా అనిపించేది అప్పుడే. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడకకు పక్కింటివాళ్లను పిలవమను, పిలిస్తే వెళతాడు, తనంతట తాను కదలడు. వదిన లేని మొదటి బతుకమ్మ పండుగకు ఒంటరిగా ఉంచకండి, మా ఇంటికి పంపించు.

ఒక్క విషయంలో మొహమాటపడకు. "నేనుండి ఏం లాభం" అనే మాట ఎప్పుడైనా నోట వస్తే, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, నాకు ఏ రాత్రయినా ఫోను చెయ్యి. పత్తి చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బాలు వెనుక గదిలో ఉన్నాయేమో, అవి ఇప్పుడే కౌలు రైతు ఇంటికి చేరాలి. ఆ పని నేను రేపు వెళ్లి చేయిస్తాను. దసరా దాకా ఆగకుండా ఈ నెలలోనే నువ్వు టికెట్ తీసుకో.