అడుగుల చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో తెలియాలంటే ఎలాంటి హెడ్‌ఫోన్ కొనాలి?

కంప్యూటర్‌లో వాలరెంట్, ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకీ ఆటలు ఆడుతున్నానని, శత్రువు కుడివైపున ఉన్నాడో ఎడమవైపున ఉన్నాడో తెలుస్తున్నా ముందున్నాడో వెనకున్నాడో పోల్చుకోలేకపోతున్నానని, ఐదు వేల రూపాయల లోపు 7.1 సరౌండ్ (చుట్టూ స్పీకర్లున్నట్టు వినిపించే) హెడ్‌సెట్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా అని మీరు అడిగారు. పెట్టె మీద 7.1 అని అచ్చు వేసినంత మాత్రాన తీరదు. చప్పుడుకు దిక్కును కల్పించేది ఆటలోని సాఫ్ట్‌వేర్, దాన్ని గుర్తించేది మీ చెవులు. హెడ్‌ఫోన్ చేయవలసిన పని ఆ రెంటి మధ్య ఉన్న సమాచారాన్ని చెడగొట్టకుండా అందించడం ఒక్కటే. అందుకని ఆ డబ్బును రెండు వైపులా సమానంగా పలికే మంచి స్టీరియో హెడ్‌ఫోన్ మీద పెట్టండి. నేను విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గరలో, కుర్రాళ్లు ఆటలాడుకోవడానికి వచ్చే ఒక నెట్ సెంటర్‌లో కంప్యూటర్ల బాగోగులు చూస్తాను. ఖరీదైనవీ చవకవీ ఎన్నో రకాల హెడ్‌సెట్లను ఒకే ఆటలో, ఒకే కుర్చీలో కూర్చున్న పిల్లలతో పోల్చి చూసే అవకాశం ఈ పని వల్ల నాకు కలిగింది.

ముందుగా చెవి పనిచేసే తీరును కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే దుకాణంలో ఎవరు ఏం చెప్పినా మీరే బేరీజు వేసుకోగలరు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. నేరుగా కుడిపక్క నుంచి వచ్చిన చప్పుడు కుడి చెవిని తాకిన తరువాత తలను చుట్టి ఎడమ చెవిని చేరడానికి 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, పైగా తల అడ్డు రావడం వల్ల ఎడమ చెవిలో కొంత మెల్లగా వినిపిస్తుంది. సుమారు 1500 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్రపు ధ్వనులకు ఆ కాలపు తేడా మీద, అంతకు పైనున్న హెచ్చు ధ్వనులకు ఈ బిగువు (చప్పుడు ఎంత గట్టిగా ఉందన్న) తేడా మీద మన మెదడు ఎక్కువగా ఆధారపడుతుందని ఇంగ్లండుకు చెందిన భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. కుడి ఎడమలు తెలియడానికి ఈ రెండు తేడాలు చాలు కాబట్టి, రెండు వైపులూ సరిగా పలికే మామూలు ఇయర్‌ఫోన్‌లో కూడా అవి మీకు స్పష్టంగా తెలుస్తున్నాయి.

చిక్కంతా ముందు వెనకల దగ్గరే వస్తుంది. మీ ముక్కుకు సూటిగా ముందున్న మనిషి అడుగు, వీపుకు సూటిగా వెనకున్న మనిషి అడుగు రెండు చెవులనూ ఒకే సమయంలో ఒకే బిగువుతో చేరతాయి. అక్కడ మనకు సాయపడేది చెవిదొప్ప. ధ్వని వచ్చే దిక్కును బట్టి దాని మడతలు ఆ ధ్వనిలోని కొన్ని హెచ్చు పౌనఃపున్యాలను పెంచి, కొన్నింటిని తగ్గిస్తాయి. ఈ మార్పులు ఎక్కువగా 4000 హెర్ట్జ్‌కు పైన జరుగుతాయి. వాటిని మెదడు చిన్నప్పటి నుంచి నేర్చుకుని ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు ధ్వని ముందు నుంచో వెనక నుంచో కాక చెవి పక్కనే పుడుతుంది కనుక ఆ మార్పులు సహజంగా ఏర్పడవు, వాటిని ఆటే లెక్కగట్టి కలపాలి. తల, చెవిదొప్ప ధ్వనిని ఏ దిక్కున ఎలా మారుస్తాయో కొలిచి తయారుచేసిన ఆ లెక్కనే హెచ్.ఆర్.టి.ఎఫ్. అంటారు. వాలరెంట్‌లో ఆ సదుపాయాన్ని 2021లో చేర్చారు. సెట్టింగ్స్‌లో ఆడియో విభాగానికి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి. మీరు ఇప్పటికే చేయకపోతే, కొత్త హెడ్‌ఫోన్ కొనకముందే ఈ పని చేసి కొన్నాళ్లు ఆడి చూడండి. మా సెంటర్‌కు వచ్చి మీలాగే అడిగిన పిల్లల్లో చాలామందికి ఇబ్బంది ఇక్కడే ఉండేది.

7.1 విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. అంగట్లో దొరికే 7.1 హెడ్‌సెట్లలో అత్యధిక భాగం లోపల చెవికొక స్పీకరు మాత్రమే ఉన్న స్టీరియో హెడ్‌ఫోన్లే. చుట్టూ ఏడు స్పీకర్లున్నట్టు భ్రమ కలిగించే లెక్కను యూఎస్‌బీ ముక్కలోనో, కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్‌లోనో పెడతారు. ఆట ఇప్పటికే హెచ్.ఆర్.టి.ఎఫ్. లెక్క వేసి పంపిన ధ్వని మీద ఈ రెండో లెక్క కూడా పడితే, ఒక చెవిదొప్ప మీద ఇంకో చెవిదొప్ప అంటించినట్టయి అడుగుల చప్పుడు మసకబారి, ఎటునుంచి వస్తోందో తేలని ప్రతిధ్వనిలా మిగులుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆటలలో సొంత లెక్క ఉంది కాబట్టి హెడ్‌సెట్‌లోని 7.1 మీటను, విండోస్‌లో ఇలాంటి పనే చేసే స్పేషియల్ సౌండ్‌ను తప్పకుండా ఆపేయండి. సొంత లెక్క లేని పాత ఆటలకు మాత్రం 2017 నుంచి విండోస్ 10తో ఉచితంగా వస్తున్న విండోస్ సోనిక్‌ను వాడుకోవచ్చు. ఏ ఆటలోనైనా ఒక్క లెక్కే పనిచేయాలన్నది గుర్తుంచుకోండి. అలాగే చిన్న చప్పుళ్లను పెద్దవి చేసే లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అనే సదుపాయం కొన్ని కంప్యూటర్లలో ఉంటుంది. దానితో అడుగులు గట్టిగా వినిపించే మాట నిజమే గాని, దగ్గరి అడుగూ దూరపు అడుగూ ఒకే బిగువుతో పలకడం వల్ల దూరం అంచనా తప్పుతుంది. నేను దాన్ని ఆపే ఉంచుతాను.

ఇక హెడ్‌ఫోన్‌లో చూడవలసినవాటిలో మొదటిది ఎడమ కుడి స్పీకర్ల సమానత్వం. ఒక వైపు కాస్త బిగువు తగ్గితే మధ్యలో ఉండవలసిన చప్పుడు పక్కకు జరుగుతుంది, అప్పుడు ఏ లెక్కా దాన్ని సరిచేయలేదు. దీన్ని పరీక్షించడానికి నాకు నచ్చిన పద్ధతి కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగు. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాళ్లుగా పనిచేసిన మన విజయనగరంలో కచేరీ వినని ఇల్లు తక్కువ కాబట్టి ఈ పరీక్ష మీకు కష్టం కాదనుకుంటాను. వేదిక మీద సాధారణంగా మృదంగం గాయకుడికి కుడిపక్కన, వయొలిన్ ఎడమపక్కన కూర్చుంటాయి. అంటే శ్రోతల వైపు నుంచి చూస్తే మృదంగం ఎడమ, వయొలిన్ కుడి అవుతాయి. ఆ అమరిక నిలిచేలా స్టీరియోలో చేసిన రికార్డింగును ఎంచుకుని కళ్లు మూసుకుని వినండి. గాత్రం తలకు సరిగ్గా నడుమ నిలవాలి, వయొలిన్ పై స్థాయికి వెళ్లినప్పుడు కూడా ఉన్నచోటే ఉండాలి. పై స్వరాలలో అది నడుమ వైపు జారితే ఆ జతలో రెండు స్పీకర్లూ హెచ్చు ధ్వనుల దగ్గర సమానంగా లేవని అర్థం. పాత రికార్డింగులలో చాలా వరకు మోనో, అంటే రెండు వైపులా ఒకే ధ్వని పలికేవి కాబట్టి వాటితో ఈ పరీక్ష కుదరదు. ఇది ముందు వెనకలను తేల్చే పరీక్ష కూడా కాదు, కాని ఇందులో తప్పిన జత ఆటలో నెగ్గడం నేను చూడలేదు.

రెండవది బేస్, అంటే మంద్రపు ధ్వని. గేమింగ్ అని పేరు పెట్టిన చవక హెడ్‌సెట్లలో పేలుళ్లు దద్దరిల్లాలని బేస్ విపరీతంగా పెంచుతారు. మంద్రపు ధ్వని గట్టిగా ఉంటే తనకంటే పైనున్న ధ్వనులను కప్పేస్తుంది. సిరిమాను ఉత్సవం నాడు మన ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర డప్పుల మోతలో పక్కనున్న మనిషి మాట అందనట్టే, బాంబు ఉరుము వెనక అడుగు మునిగిపోతుంది. చెవిదొప్ప లెక్కంతా హెచ్చు ధ్వనుల్లోనే ఉంటుందని పైన చెప్పాను కదా, ఆ భాగాన్ని మందగింపజేసే హెడ్‌ఫోన్‌తో ముందు వెనకలు తెలియడం కష్టం. స్పీకరు 50 మిల్లీమీటర్లా 40 మిల్లీమీటర్లా అన్న సంఖ్య దీనితో సంబంధం లేనిది, దాన్ని చూసి ఎక్కువ డబ్బు ఇవ్వవద్దు.

ఓపెన్ బ్యాక్ మేలా, క్లోజ్డ్ బ్యాక్ మేలా అన్నది మీ గదిని బట్టి ఉంటుంది. కప్పుల వెనక జల్లెడలా తెరిచి ఉన్న ఓపెన్ బ్యాక్ రకాల్లో చప్పుడు తల లోపల కాక కొంచెం వెలుపల పరుచుకున్నట్టు వినిపిస్తుంది, ఎక్కువసేపు పెట్టుకున్నా చెవులు ఉక్కపోయవు. నిశ్శబ్దమైన గది ఉంటే నేను వాటివైపే మొగ్గుతాను. అయితే మన వైపు ఎండాకాలంలో తిరిగే సీలింగ్ ఫ్యానును, పక్కనే పెట్టిన కూలరును, వీధిలో ఆటోల రొదను అవి ఏమాత్రం ఆపవు, నెమ్మదిగా వేసే అడుగులను ముందు మింగేసేది ఆ రొదే. మీ గది రోడ్డు వైపుంటే, లేదా కూలరు లేనిదే కూర్చోలేని గది అయితే క్లోజ్డ్ బ్యాక్ తీసుకోవడమే మంచిది. చెవి మెత్తలు రెగ్జిన్‌వి కాకుండా గుడ్డవి ఉంటే చెమటకు పొట్టు రాలవు.

చాలామంది చులకనగా చూసే మరో మార్గం చెవి లోపలికి అమరే వైరు ఇయర్‌ఫోన్. చెవిదొప్పను అది పూర్తిగా తప్పిస్తుంది కదా, దిక్కు ఎలా తెలుస్తుందని సందేహం రావడం సహజం. ఆ చెవిదొప్ప చేయవలసిన పనిని ఆటే లెక్కగట్టి పంపుతున్నప్పుడు అది నేరుగా చెవి నాళంలోకి చేరడం మేలే అవుతుంది. ఇయర్‌ఫోన్ బయటి రొదను కూడా బాగా అడ్డుకుంటుంది. పెద్ద పోటీలలో ఆటగాళ్లు లోపల ఇయర్‌ఫోన్, పైన రొదను ఆపే పెద్ద కప్పులు పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. మూన్‌డ్రాప్ చు, కెజెడ్ వంటి రకాల్లో రెండు వేల రూపాయల ప్రాంతంలో దొరికేవి చాలా హెడ్‌సెట్లకంటే శుభ్రంగా పలుకుతాయి. మీరు ఫోన్‌లో కూడా ఆడతారు కాబట్టి మీ రెండు ఆటలకూ ఒకే జత సరిపోతుంది, మిగిలిన డబ్బుతో విడి మైకు ఒకటి కొనుక్కోవచ్చు. మైకు హెడ్‌సెట్‌కే ఉండాలనుకుంటే హైపర్‌ఎక్స్ క్లౌడ్ స్టింగర్ తరహా స్టీరియో హెడ్‌సెట్లు మీ బడ్జెట్ పరిధిలో చూడదగినవి. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ వంటి ఓపెన్ బ్యాక్‌లు మీరు చెప్పిన మొత్తాన్ని దాటిపోతాయి, పైగా దాని నిరోధం 120 ఓమ్‌లు కనుక బలహీనమైన ఫోన్ జాక్‌తో తగినంత బిగువు రాకపోవచ్చు. 32 ఓమ్‌ల ప్రాంతంలోవి ఎక్కడైనా నడుస్తాయి.

బ్లూటూత్ మాత్రం ఈ పనికి వద్దు. మామూలు బ్లూటూత్‌లో చప్పుడు తెర కంటే దాదాపు 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. అంతకంటే పెద్ద నష్టం మైకు తెరిచినప్పుడు జరుగుతుంది. స్నేహితులతో మాట్లాడటానికి మైకు ఆన్ చేయగానే మామూలు బ్లూటూత్ ఫోన్ కాల్ పద్ధతికి మారి, ధ్వనిని 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మోనోగా కుదించేస్తుంది. రెండు చెవుల్లో ఒకే చప్పుడు పలికితే కుడి ఎడమలు కూడా తెలియవు. వైర్‌లెస్ తప్పనిసరైతే 2.4 గిగాహెర్ట్జ్ యూఎస్‌బీ ముక్కతో వచ్చేది చూడండి, లేదంటే వైరుతోనే ఉండండి.

వైరు తగిలించేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఫోన్ కోసం చేసిన ఒకే జాక్ హెడ్‌సెట్‌ను ఆకుపచ్చ, గులాబీ రంగు రంధ్రాలున్న కంప్యూటర్‌కు పెట్టాలంటే మైకును విడదీసే స్ప్లిటర్ కావాలి. పాత ఇళ్లలో ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేకపోతే కంప్యూటర్ నుంచి సన్నని గుయ్యిమనే శబ్దం హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. దాన్ని చాలామంది హెడ్‌ఫోన్ లోపమనుకుని మార్చేస్తుంటారు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.

కొత్త జత వచ్చాక ఆటలో ఒక అలవాటు చేసుకోండి. ముందా వెనకా అన్న అనుమానం వచ్చినప్పుడు మనిషి తలను కొద్దిగా తిప్పి తేల్చుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ వాలక్ 1940లోనే నిరూపించాడు, ఆటలో ఆ తల తిప్పడాన్ని మౌస్ చేస్తుంది. అడుగు సరిగ్గా నడుమన వినిపిస్తే మౌస్‌ను కొంచెం కుడికి తిప్పండి. చప్పుడు ఎడమ చెవికి జరిగితే శత్రువు మీ ముందున్నాడు, కుడి చెవికి జరిగితే వెనకున్నాడు. బీజీఎంఐలో కూడా ఇదే వేలితో చేయవచ్చు. హెచ్.ఆర్.టి.ఎఫ్. ఆన్ చేసిన మొదటి రోజుల్లో ముందున్నది కొంత పైనున్నట్టు అనిపిస్తే కంగారు పడవద్దు, ఆ లెక్క మీ చెవి కొలతలతో చేసింది కాదు. చెవిదొప్పలో అచ్చులు పెట్టి దాని ఆకారం మార్చినా కొన్ని వారాలలో మనుషులు దిక్కులను మళ్లీ నేర్చుకున్నారని 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. అందువల్ల వారానికొక సెట్టింగ్ మార్చకుండా ఒకదాని మీద నిలబడి చెవులకు సమయం ఇవ్వండి.

బిగువు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ చొప్పున అంతే సమయం. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగానికి తగ్గుతాయి. అడుగులు వినిపించడం లేదని బిగువు పెంచే బదులు ఫ్యాను వేగం తగ్గించడం, ఆటలోని సంగీతాన్ని సున్నాకు దించడం మొదట చేయండి.

మన విజయనగరంలో గాని శ్రీకాకుళంలో గాని దుకాణంలో పెట్టె విప్పి వినిపించేవారు అరుదు. విశాఖ వెళ్లినా దొరికే రకాలు కొన్నే కాబట్టి చివరకు ఆన్‌లైన్‌లోనే కొంటారనుకుంటాను. వాపసు తీసుకునే గడువును ముందే చదివి, పెట్టె వచ్చిన రోజే పైన చెప్పిన కచేరీ పరీక్ష చేయండి, ఆ తరువాత హెడ్‌ఫోన్‌ను ఎడమ కుడి మార్చి పెట్టుకుని మళ్లీ వినండి. గాత్రం మొదట ఒక పక్కకు ఒరిగి, మార్చి పెట్టుకున్నాక రెండో పక్కకు ఒరిగితే లోపం హెడ్‌ఫోన్‌దో, రికార్డింగుదో, ఫోన్‌దో అయి ఉంటుంది. మరో ఫోన్‌లో మరో రికార్డింగు పెట్టి చూడండి, అక్కడ కూడా అలాగే ఉంటే లోపం హెడ్‌ఫోన్‌దే, అటువంటప్పుడు గడువు దాటనీయకుండా వెనక్కి పంపేయండి.  రెండు సార్లూ ఒకే పక్కకు ఒరిగితే చెవిలో గుబిలి పేరుకుందేమో, వినికిడిలో తేడా ఉందేమో ఈఎన్‌టీ డాక్టరుకు ఒకసారి చూపించుకోండి.