పూర్తిగా ఇంటి నుంచి పనా, వారానికి మూడు రోజుల ఆఫీసా: బీకాం చదివిన బిడ్డకు తొలి ఉద్యోగం

ప్రశ్న: మాది నర్సంపేట. ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. మా బిడ్డ హనుమకొండలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. రెండు ఉద్యోగాలు వచ్చినయి. ఒకటి హైదరాబాద్‌ల, బిల్లులు చూసే పని. 'అకౌంట్స్ పేయబుల్' అంటున్నరు. ఏడాదికి 3 లక్షలు, ఇంగ్లండ్ క్లయింటు, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా. మొదటి మూడు నెలలు రోజూ ఆఫీసు, తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి. రెండోది మొత్తం ఇంటి నుంచే, డేటా ఎంట్రీ, నెలకు 22 వేలు. ల్యాప్‌టాప్ పంపడానికి 6,500 డిపాజిట్ కట్టమన్నరు. ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌ల అయింది. వాళ్లమ్మ ఇంటి దగ్గరిదే మేలంటున్నది. బిల్లుల పని ఇగ కంప్యూటరే చేసుకుంటది, ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటదని మా తమ్ముడంటున్నడు. ఏం చేయమంటరు?

జవాబు: ముందుగా ఆ 6,500 కట్టకండి. ఉద్యోగం ఇచ్చే సంస్థే ల్యాప్‌టాప్ కొని పంపుతుంది, డిపాజిట్ అడగదు. ఈ మోసం ఎలా నడుస్తుందో మీ బిడ్డకు కూడా తెలియాలి. డబ్బు కట్టాక కొన్ని వందల పేజీలు టైపు చేయిస్తారు. 'తప్పుల్లేకుండా 95 శాతం రావాలి, నీది 91 వచ్చింది, ఒప్పందం తప్పావు' అని జరిమానా అడుగుతారు. కట్టకపోతే వకీలు పేరుతో నోటీసు వాట్సాప్‌లో పెడతారు. ఆ భయానికి ఇంకో పదో పదిహేనో వేలు కట్టిన వాళ్లుంటారు. 'జీతం వేయడానికి' అని బ్యాంకు పాస్‌బుక్, నెట్ బ్యాంకింగ్ వివరాలు అడిగితే ఇంకా ప్రమాదం. ఆ ఖాతా గుండా మోసం డబ్బు తిప్పితే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. ఆధార్, పాన్ ఇప్పటికే పంపి ఉంటే మెసేజీలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, వాళ్లతో మాటలు ఆపేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మేలు, ఆ సొమ్ము వేరే ఖాతాలకు మారకముందే ఆపించే వీలుంటుంది.

అలాగని ఇంటి నుంచి పనంటేనే మోసమని అనుకోవద్దు. 2020 నవంబర్‌లో టెలికాం శాఖ కాల్ సెంటర్లు, బీపీఓల నిబంధనలు సడలించాక ఇలాంటి ఉద్యోగాలు ఇంటి నుంచి చేయడం చట్టపరంగా తేలికైంది. కానీ డిగ్రీ అయిన వెంటనే, మొదటి ఉద్యోగమే పూర్తిగా ఇంటి నుంచి అంటే, అది నిజమైన కంపెనీదే అయినా నేను వద్దనే చెబుతాను. కొత్తగా చేరిన అమ్మాయి చేసిన తప్పు పక్క కుర్చీలో ఉన్న సీనియర్‌కి రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. ఇంట్లో చేస్తే అదే తప్పు పదిహేను రోజుల తర్వాత ఆడిట్‌లో బయటపడుతుంది, అప్పటికి అదే తప్పు ఇంకో రెండు వందల బిల్లుల్లో చేరి ఉంటుంది. అందుకే ఆ 'మొదటి మూడు నెలలు రోజూ ఆఫీసు' అన్న షరతు ఇబ్బందిగా కనిపించినా, మీ బిడ్డకు ఈ ఉద్యోగంలో దొరికే అన్నిటికంటే విలువైన భాగం అదే.

ఇక మీ తమ్ముడి మాట. అది సగం నిజం. బిల్లు చూసి అంకెలు కొట్టే పని నిజంగానే పోతోంది. స్కాన్ చేసిన బిల్లును ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ చదివి అమ్మినవారి పేరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం తనే నింపుకుంటుంది. తర్వాత మూడు కాగితాలను పోల్చి చూస్తుంది: కొనుగోలు ఆర్డరు, సరుకు అందినట్టు గోదాం ఇచ్చే జీఆర్ఎన్, అమ్మినవారి బిల్లు. మూడూ కలిస్తే మనిషి చేయి పడకుండానే చెల్లింపుకి వెళ్లిపోతుంది. కలవనివి పక్కన ఆగుతాయి. ఆ ఆగినవాటిని తేల్చడమే ఇప్పటి అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగం.

అవి ఎందుకు ఆగుతాయో చూస్తే పని ఏమిటో తెలుస్తుంది. బిల్లులో 120 బస్తాలుంటే గోదాం 112 అని రాసి ఉంటుంది. ఆగకుండా జారిపోయేవీ ఉంటాయి: ఒకే బిల్లు ఒకసారి '0045' అని, ఇంకోసారి 'ఐఎన్‌వీ-45' అని ఎక్కితే రెండు వేర్వేరు బిల్లులనుకుని యంత్రం రెండుసార్లు చెల్లించేయవచ్చు. ఒకే సప్లయరు రెండు కోడ్‌లతో నమోదై ఉంటాడు. ఇంగ్లిష్ 'ఓ' అక్షరానికీ సున్నాకీ తేడా ఓసీఆర్ ఒక్కోసారి పట్టుకోలేదు. మన జీఎస్టీ నంబరు 15 అక్షరాలు: మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణది 36. తర్వాతి పది పాన్ నంబరు, అంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. ఏ చోట అక్షరం ఉండాలో, ఏ చోట అంకె ఉండాలో తెలిసినవారు ఆ తప్పును చూడగానే పట్టేస్తారు. ఇంగ్లండ్ బిల్లుల మీద దీని బదులు వ్యాట్ నంబరు ఉంటుంది, చూసే పద్ధతి ఇలాంటిదే.

ఇది నేర్చుకోవడానికి మీ దుకాణాన్ని మించిన బడి లేదు. చేరే లోపు మీ బిడ్డతో ఈ పని చేయించండి. గత మూడు నెలల కొనుగోలు బిల్లులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాలి: బిల్లు నంబరు, తేదీ, సప్లయరు జీఎస్టీ నంబరు, పన్ను కలపని విలువ, పన్ను. జీఎస్టీ పోర్టల్ నుంచి ఆ నెలల జీఎస్టీఆర్-2బీ, అంటే మీ సప్లయర్లు మీ పేరున చూపించిన బిల్లుల పట్టీ, ఎక్సెల్‌లోనే దించుకోవచ్చు. ఒక నెలది తర్వాతి నెల 14న తయారవుతుంది. రెండు పట్టీలను ఎక్స్‌లుకప్ అనే ఎక్సెల్ ఫార్ములాతో కలపాలి. మొదటిసారి చాలా బిల్లులు కలవవు, కంగారు పడొద్దు. పేరు చివర కనిపించని ఖాళీ ఉంటుంది, దాన్ని ట్రిమ్ అనే ఫార్ములా తీసేస్తుంది. '0045'లో ముందు సున్నాలు ఎక్సెల్ మింగేస్తుంది, టైపు చేయకముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చాలి. తేదీలో రోజు, నెల తారుమారై ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబరు కొడితే మిగిలిన అంకెలు సున్నాలైపోతాయి, ఈ ఒక్క తప్పుతో డబ్బు వేరేవారికి పోవచ్చు. పన్ను రేటు కూడా చూడాలి: ఎరువులకు 5 శాతం, మామూలు రసాయన పురుగుమందులకు 18, విత్తనాలకు లేదు. ఒకే బిల్లులో మూడూ ఉంటే ఎక్కించేటప్పుడు తప్పులు జరిగేది అక్కడే. ఇది చేయగలిగాక ఎక్సెల్‌లోనే మొత్తాలు తీసే పివట్ టేబుల్, ఆ తర్వాత పట్టీలను శుభ్రం చేసి కలిపే పవర్ క్వెరీ నేర్చుకోవాలి. ట్యాలీ వచ్చుగా అని ఇంతటితో ఆగొద్దు.

ఇంకో మెళకువ కూడా ఇప్పుడే చెప్పాలి. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై దీనికి పంపండి' అని సప్లయరు పేరుతో మెయిల్ వస్తుంది. ఆఫీసులో ఉంటే పక్కవారిని అడుగుతాం. ఇంట్లో ఒంటరిగా, రాత్రి తొమ్మిదికి, 'అర్జెంట్' అని రాసి ఉంటే మార్చేస్తాం. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయకూడదు, కంపెనీ రికార్డులో ముందునుంచి ఉన్న నంబరుకే చేసి అడగాలి.

రెండు రోజులు ఇంటి నుంచి చేయాల్సి వచ్చినప్పుడు అసలు పరీక్ష రాతలో ఉంటుంది. 'బిల్లులో ప్రాబ్లం ఉంది, చెక్ చేయండి' అని ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో పెడితే అవతలివారు ఏ బిల్లని అడుగుతారు, మీ బిడ్డ జవాబిచ్చేసరికి వాళ్లు మీటింగ్‌లో ఉంటారు, ఒక రోజు పోతుంది. ఒకే మెసేజీలో నాలుగు సంగతులు రావాలి: ఏ బిల్లు, ఏం కలవలేదు, ఇప్పటిదాకా తను ఏం చూసింది, ఎవరి నుంచి ఏం ఎప్పటికి కావాలి. 'బిల్లు 0045, బిల్లులో 120, జీఆర్ఎన్‌లో 112, ఆర్డరులో 120. గోదాం నుంచి నిర్ధారణ 17వ తేదీ సాయంత్రంలోగా కావాలి, 18న చెల్లింపు ఉంది' అన్నట్టు. దీన్ని సులువైన ఇంగ్లిష్‌లో రాయడం రోజుకు ఐదు చొప్పున సాధన చేస్తే నెలలో వస్తుంది. తెలుగు మీడియం పిల్లలు మాట్లాడడానికి జంకుతారు గానీ, ఈ రాతలో ఎవరికీ తీసిపోరు. అరగంట ప్రయత్నించినా తెగకపోతే అడగాలి, మొహమాటపడి సాయంత్రం దాకా కూర్చోకూడదు.

ఇంటి ఏర్పాట్లకు ఇంకా మూడు నెలలుంది, ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. నెట్ వేగం పగలు కాదు, ఆమె షిఫ్టు వేళ, రాత్రి ఏడు నుంచి పది మధ్య మూడు రోజులు చూడండి. వీడియో మీటింగ్‌కి డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ ముఖ్యం, 5 ఎంబీపీఎస్ అయినా నిలకడగా ఉండాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా కరెంటు పోగానే నెట్ పోతుంది, ఎందుకంటే రౌటర్ ఇన్వర్టర్ లైనులో లేని ప్లగ్గుకు పెట్టి ఉంటుంది. ఆ ప్లగ్గు మార్చండి, లేదా 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ కొనండి. కేబుల్ ఆపరేటర్ పెట్టెకే కరెంటు పోతే అదీ పనిచేయదు, అందుకు వేరే కంపెనీ సిమ్‌తో ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. నెట్ తెగిన క్షణం వీపీఎన్, అంటే కంపెనీ సిస్టమ్‌తో ఉండే భద్రమైన కనెక్షన్, తెగుతుంది, సేవ్ చేయని పని పోతుంది. కంపెనీ ల్యాప్‌టాప్‌లో దుకాణం లెక్కలు వేయొద్దు, ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వొద్దు.

మీరు, వాళ్లమ్మ చేయాల్సింది కూడా ఉంది. ఇంట్లోనే ఉంది కదా అని దుకాణంలో కూర్చోబెట్టడం, చుట్టాలొస్తే చాయ్ పెట్టమనడం మొదలైతే ఆ రెండు రోజులూ వృథా. తలుపు వేసుకునే గది, బల్ల, కుర్చీ ఇవ్వండి. ఇంగ్లండ్ క్లయింటుకి సద్దుల బతుకమ్మ, మేడారం జాతర తెలియవు, సెలవుల జాబితా ముందే తెప్పించుకోండి.

జీతం లెక్క: 3 లక్షలంటే నెలకు 25 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ కూడా అందులోనే కలిపి ఉంటే, ఇద్దరి వాటాలు, వృత్తి పన్ను 200 పోను చేతికి 21 వేలకు అటూ ఇటూగా వస్తుంది. హైదరాబాద్‌లో హాస్టల్‌కి ఏడెనిమిది వేలు పోతాయి. వారానికి మూడు రోజులే ఉన్నా నెలంతా కట్టాలి. కాజీపేట నుంచి రోజూ రైల్లో వెళ్లి రావడం ఈ షిఫ్టుకు కుదరదు. మొదటి ఏడాది మిగిలేది తక్కువే, దానికి సిద్ధపడండి.

ఊరి దగ్గరే ఉండాలన్న వాళ్లమ్మ కోరికను కొట్టిపారేయను. వరంగల్ దగ్గర మడికొండలో 2020 జనవరిలో ఐటీ కంపెనీలు టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి. కానీ సైయెంట్‌ది ఇంజినీరింగ్ పని, కామర్స్ పిల్లలకు అక్కడ అవకాశం తక్కువ. రెండేళ్ల అనుభవం వచ్చాక పూర్తి ఇంటి ఉద్యోగం గానీ, వరంగల్ వైపు బదిలీ గానీ అడిగితే అప్పుడు మాటకు బలం ఉంటుంది.

ఆఫర్‌కి సంతకం చేసే ముందు హెచ్ఆర్‌కి మీ బిడ్డ ఒక మెయిల్ పంపాలి, ఫోన్లో అడిగి ఊరుకోవద్దు. ఆఫీసు రోజులు ఏవి, నెలనెలా మారతాయా? నోటీసు గడువు 60 రోజులా 90 రోజులా? ఇన్నాళ్లు మానకూడదన్న బాండు ఉందా? అక్టోబర్ చివరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారం మారాక షిఫ్టు రెండున్నర నుంచి పదకొండున్నర అవుతుందా? రాత్రి ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా? ఈ చివరి రెండు జవాబులు వచ్చాకే హాస్టల్ చూడండి. చాలా అమ్మాయిల హాస్టళ్లలో గేటు పదింటికే మూస్తారు, పన్నెండింటికి వచ్చినా తీస్తారా అని అడ్వాన్సు కట్టకముందే వార్డెన్‌ను అడగండి.